నూగు కొమ్మ, నున్న కొమ్మ

పెళ్ళయిన కొత్తలో ఆమెకు నచ్చని వస్తువంటూ లేదు. మేడమీద అద్దెకు తీసుకున్న రెండు గదుల వాటా నచ్చింది. తీసినప్పుడల్లా కిర్రుమనే తలుపు నచ్చింది. బందులకు నూనె వేస్తానని భర్త లేస్తే, ఆ చప్పుడు వింటేనే నువ్వొచ్చావని తెలుస్తుంది, ఉండనీ అని అడ్డుపడింది. ఒకే కొక్కేనికి వేలాడే రెండు గొడుగుల్ని చూసి తనలో తను నవ్వుకునేది. వంటింటి కిటికీలోంచి బొటానికల్ గార్డెన్ వెనక గోడ కనిపించేది. ఆ గోడ మీదుగా తలలెత్తి చూసే పైన్ చెట్లు ఎవరో తన పెళ్ళి కోసమే నాటించినట్టు సంబరపడేది. ఇంట్లో భర్తను ‘నువ్వు’ అనీ, నలుగురిలో ‘మీరు’ అనీ పిలవాలని నిర్ణయించుకుంది గానీ, కంగారులో రెండూ ఒకే మాటలో దొర్లించేసి ముందు తనే నవ్వేసేది.

భయమల్లా ఒక్క వంటకే.

మామూలు భర్త అయితే ఎలాగో నెట్టుకొచ్చేదే. కానీ అతను టీ పొడి కంపెనీలో రుచి చూసే ఉద్యోగి. తెల్లటి కప్పుల వరుస ముందు నిలబడి, చెంచాతో టీ తీసుకుని, పక్క గదికి వినిపించేలా జుర్రుమని పీల్చి, నోరంతా తిప్పి, పక్కనున్న డబ్బాలో ఉమ్మేసి, ఇది వానలు పడ్డాక కోసిన ఆకు, ఇది ఆరబెట్టడంలో మాడింది అని చెప్పడం అతని పని. సంబంధం కుదిరినప్పుడు ఆమె అమ్మమ్మ బుగ్గలు నొక్కుకుంది. పొద్దస్తమానం తాగి ఉమ్మేస్తే జీతమిస్తారా అని కాసేపు ఆశ్చర్యపోయింది. తర్వాత అసలు సంగతి తట్టి మనవరాలిని జాలిగా చూసి, "తల్లీ, ఆ నాలుకతో ఎలా కాపురం చేస్తావే?" అంది.

తీరా చూస్తే ఆ నాలుక చాలా మర్యాదస్తురాలు. మాడిన రొట్టెను కరకరలాడుతోంది అంది. ఉడకని దుంపను పంటికి పని చెబుతోంది అంది. ఆమెకు ధైర్యం వచ్చింది. వంట చేస్తూ పాటలు పాడడం మొదలుపెట్టింది.

ఇక వదిన. అతని అక్క. ఆ బొటానికల్ గార్డెన్‌లోనే ఉద్యోగం. ఏ చెట్టు ఏదో తేల్చి, దానికి పేరు పలక రాయించి కట్టించడం ఆవిడ బాధ్యత. చూడ్డానికి కవలల్లా ఉండే రెండు చెట్లను విడదీసి చెప్పడమంటే ఆవిడకు పండగ. చేతిసంచీలో దువ్వెనతో పాటు ఎప్పుడూ ఏదో ఒక కొమ్మ ఉండేది, నోట్లో ఎప్పుడూ ఏదో ఒక వెటకారం ఉండేది. పెళ్ళికి చుట్టాలంతా గిన్నెలూ దుప్పట్లూ చదివిస్తే ఆవిడ మాత్రం ఒక గుడ్డసంచీ నిండా వలిచిన పైన్ గింజల పలుకులు తెచ్చి మరదలి ఒళ్ళో పెట్టింది. తమ్ముడికి చిన్నప్పటి నుంచీ అవంటే ప్రాణమట. పంచదార ఎదురుగా పెట్టినా చూడకుండా వీటికోసం తన జేబులు వెతికేవాడని చెప్పింది.

ఆ పలుకులు నోట్లో వెన్నలా కరిగి, చివర్లో కాస్త తీపి వదిలేవి. కొత్త దంపతులు రోజూ సాయంత్రం కిటికీ దగ్గర కూర్చుని తిని సంచీ ఖాళీ చేశారు. అడుగున మిగిలిన ఆఖరి పలుకును అతను పంటితో సగం చేసి ఆమె చేతిలో పెట్టాడు. గోరంత గింజలో సగం. ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఆ సంచీని మళ్ళీ తన చేత్తో నింపాలని అప్పుడే అనుకుంది.

కాయలు రాలే కాలం రానే వచ్చింది. పైఊళ్ళో ఏదో రెండు వారాల మొక్కల సమావేశానికి బయల్దేరుతూ వదిన ఫోన్ చేసింది. పంపు షెడ్డు పక్కనున్న చెట్టు కింద కాయలు పడుతున్నాయనీ, రాలినవి ఏరుకుంటే గార్డెన్ వాళ్ళు ఏమీ అనరనీ, గేటు దగ్గర కాపలా అతనికి చెప్పి ఉంచాననీ చెప్పింది. పైన్లు చాలా ఉన్నాయి, సూదులు గుత్తికి ఐదు ఉన్నాయో లేదో చూసుకో అని కూడా చెప్పింది. అంతలో బస్సు వచ్చినట్టుంది, ఫోన్ పెట్టేసింది.

సూదుల లెక్క ఆమెకు కొత్త కాదు. డిగ్రీలో వృక్షశాస్త్రం చదివింది. పైన్ ఆకులు సూదుల్లా ఉంటాయి, విడివిడిగా కాకుండా గుత్తులుగా పుడతాయి, కొన్ని పైన్లకు గుత్తికి రెండు, కొన్నిటికి మూడు, కొన్నిటికి ఐదు. పరీక్షలో ఈ ప్రశ్నకు మంచి మార్కులే వచ్చాయి. అందుకే భుజాన సంచీ వేసుకుని, అడవిని జయించడానికి వెళ్ళే రాణిలా గార్డెన్‌లోకి నడిచింది.

పంపు షెడ్డుకు ఎడమవైపు ఒక పైన్, కుడివైపు ఒక పైన్ ఉన్నాయి. పేరు పలకలు లేవు. రంగులు వేయించడానికి వాటిని విప్పించారని తర్వాత తెలిసింది. ఆమె తడబడలేదు. ఎడమ చెట్టు గుత్తి విప్పి లెక్కపెట్టింది, ఐదు. కుడి చెట్టు గుత్తి విప్పింది, ఐదు. రెండూ అంతెత్తు, రెండింటి కాండమూ బూడిద రంగు, రెండింటి కాయలూ పిడికిలి కన్నా పెద్దవి. అయితే రెండూ ఒకటే అని తేల్చేసింది. ఎడమ చెట్టు కాయలు మూసిన గుప్పిట్లలా బిగుసుకుని ఉన్నాయి, బంక కారుతూ, ముట్టుకుంటే వేళ్ళకు అంటుకుంటూ. కుడి చెట్టు కాయలు చక్కగా విచ్చుకుని, గింజల్ని నేలమీద ధారాళంగా ఒలకబోశాయి. ఇచ్చే చెయ్యి ఉండగా పిడికిలి విప్పదీయడం దేనికని, ఆమె కుడి చెట్టు కింద చతికిలబడి సంచీ నింపుకుంది. విరిగి పడిన కొమ్మొకటి అందంగా కనిపిస్తే దాన్నీ తెచ్చి గాజు సీసాలో పెట్టి బల్లమీద అలంకరించింది.

ఏరడం ఒక ఎత్తు, వలవడం ఇంకో ఎత్తు. పెంకు రాయిలా ఉంది. భర్త పనిముట్ల పెట్టెలోంచి కటింగ్ ప్లేయర్ తీసి, ఒక్కొక్క గింజనూ నలగకుండా నొక్కి, లోపలి పలుకు విరగకుండా తీయడం నేర్చుకుంది. గోళ్ళు నల్లబడ్డాయి, బొటనవేలికి పొక్కు లేచింది. అయినా రోజూ అతను వచ్చేసరికి చిన్న కప్పు నిండేది. తను ఒక్కటీ నోట్లో వేసుకోలేదు. వేసుకుంటే అతనికి ఒకటి తగ్గుతుంది కదా. "నువ్వూ తిను" అని అతను అంటే, వలుస్తూ బోలెడు తిన్నానని అబద్ధమాడింది.

ఆ సాయంత్రాలు అతను పలుకులు నములుతూ ఆఫీసు కబుర్లు చెప్పేవాడు. అన్నీ ఒకచోటికే వచ్చేవి. రుచి గదికి పెద్ద అయిన ముసలాయన, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, త్వరలో పదవీ విరమణ చేస్తున్నాడు. ఆయన కుర్చీ ఎవరిదన్నది నెలాఖరు శుక్రవారం తేలుతుంది. కంపెనీ కొత్తగా తేబోయే టీ కోసం ఏ తోట ఆకు ఎంత కలపాలో అతను ఒక్కడే నిర్ణయించి, కొనేవాళ్ళ ఎదుట కప్పు పెట్టాలి. నచ్చితే కుర్చీ అతనిది. లేకపోతే బయటి నుంచి ఎవరినో తెస్తారు. పెద్దాయన పట్టుబట్టి ఇప్పించిన అవకాశం అది. ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతులో గర్వం, బెదురు రెండూ వినిపించేవి. ఆమె ఇంకో నాలుగు పలుకులు అతని అరచేతిలో పోసేది.

తర్వాత ఏదో మారింది. కబుర్లు తగ్గాయి. అతను గబగబా తినేసి గ్లాసుల కొద్దీ నీళ్ళు తాగుతున్నాడు. వంట ఎలా ఉందంటే ఇదివరకటిలా చమత్కారంగా ఏదో ఒకటి కల్పించి చెప్పడం మానేశాడు. దేనికైనా ఒకటే మాట, బాగుంది. ఆ మాట కూడా ఆఫీసు ముద్ర కొట్టినట్టు ఒకే తీరుగా పడేది. ఆమె మనసు చివుక్కుమంది. మోజు తీరిపోయిందా అనుకుంది. ఇంకా గోడకు పెళ్ళి ఫోటో కూడా తగిలించలేదే అనుకుంది. అమ్మమ్మకు ఫోన్ చేసి మామూలు కబుర్లే చెప్పి పెట్టేసింది.

ఒక శనివారం పొయ్యి మీద కూర ఉడుకుతుంటే ఈ ఆలోచనల్లో పడి ఉప్పు వేసింది. వేశానో లేదో అనుకుని మళ్ళీ వేసింది. వడ్డించేటప్పుడు కూడా ఆ సంగతి తనకు తెలియదు. అతను తిన్నాడు, నీళ్ళు తాగాడు, "బాగుంది" అన్నాడు. ఆమె ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగలేకపోయింది, కక్కలేకపోయింది. సముద్రంలో మునిగి లేచినట్టయింది.

"నిజం చెప్పు. ఇది బాగుందా?" అని అడిగింది.

"బాగుంది."

"ఇందులో ఉప్పు రెండుసార్లు పడింది."

అతను కంచం వైపు చూశాడు.  ఆమె కోపం తెచ్చుకోవడానికి సిద్ధపడి ఉంది గానీ, అతను తల ఎత్తినప్పుడు ఆ మొహం చూసి ఆ కోపం ఎటు పోయిందో తెలియలేదు.

"నాకు తెలియలేదు. నాకేదీ తెలియడం లేదు. అన్నీ చేదుగా ఉన్నాయి. నీళ్ళు కూడా" అన్నాడు.

మెల్లగా మొత్తం బయటికొచ్చింది. ఒకరోజు పొద్దున టీ నోట్లో పోసుకోగానే ఇనప తాళంచెవి నాలుక మీద పెట్టుకున్నట్టు అనిపించింది. కప్పు కడగలేదేమో అనుకున్నాడు. ఇంకో కప్పు, ఇంకో కప్పు, అన్నీ అంతే. అప్పటి నుంచి అది వదల్లేదు, రోజురోజుకూ ముదిరింది. డాక్టర్ దగ్గరికి వెళ్ళాడు. ఆయన టార్చ్ వేసి నాలుక చూసి, పైకి ఏ తేడా కనిపించడం లేదని చెప్పి ఏవో బలం మాత్రలిచ్చాడు. ఆఫీసులో వాసన చూసి, రంగు చూసి, ఊహించి నెట్టుకొస్తున్నాడు. వచ్చే శుక్రవారం అలా కుదరదు. సోమవారం పెద్దాయనతో చెప్పి తప్పుకుందామని, గోడౌన్‌లో మూటలు చూసుకునే పనేదైనా అడుగుదామని అనుకుంటున్నాడు.

నాకెందుకు చెప్పలేదని ఆమె అడిగింది. అతను గిన్నె మూత అటూ ఇటూ తిప్పాడు.

"నువ్వు వంట చేస్తూ పాడతావు కదా. చేదంటే ఆ పాట ఆగిపోతుందేమోనని."

ఇన్నాళ్ళూ చేదు మింగుతూ తన చేతివంటను బాగుందన్న మనిషి ఇతను. ఆమె దగ్గరికి జరిగి అతని భుజానికి తల ఆనించింది. కాసేపయ్యాక ఇంకేం చేయాలో తోచక, లోపలికి వెళ్ళి, ఆ పూట వలిచిన పలుకుల కప్పు తెచ్చి ప్రేమగా అతని చేతిలో పెట్టింది. అతనూ అంతే ప్రేమగా అన్నీ తినేశాడు.

మర్నాడు ఆదివారం. వదిన సమావేశం నుంచి తిరిగొచ్చి నేరుగా వీళ్ళింటికే వచ్చింది. గుమ్మం దగ్గరే చెప్పులు విడుస్తూ, ఈ ఇంట్లో ఎవరో ఉడత కాపురం పెట్టిందని గార్డెన్ కాపలా అతను ఫోన్లో చెప్పాడు, సంచీలు సంచీలు మోసుకుపోయిందట అని మరదల్ని ఆటపట్టించింది. ఆమె నవ్వబోయి నవ్వలేకపోయింది. అతను అక్కకు కుర్చీ జరిపి పక్కకు చూశాడు. ఇద్దరి మొహాలూ చూసి ఆవిడ, కొత్త జంట కదా, ఏదో అలకలే అనుకుని ఊరుకుంది. ఊరికే కూర్చునే అలవాటు లేని చెయ్యి బల్లమీది గాజు సీసాలోకి వెళ్ళింది. కొమ్మను పైకి తీసి, చివర బొటనవేలితో రాసింది. వేలు ఆగింది. ఇంకోసారి రాసింది.

"ఈ కొమ్మ ఎక్కడిది?"

"మన చెట్టుదే వదినా. పంపు షెడ్డు పక్కది."

"ఏ పక్క?"

  కుడిపక్క అని ఆమె చెప్పింది. వదిన లేచి, కిటికీ దగ్గర పోగుపడ్డ పెంకుల్లోంచి రెండు తీసి వెలుతురులో తిప్పి చూసింది. ఇవి ఎవరు తిన్నారని అడిగింది. ఆయనే అని ఆమె చెప్పింది. నువ్వు తినలేదా అంటే, ఒక్కటీ లేదు, అన్నీ ఆయనకే దాచానని నిజం ఒప్పుకుంది. అప్పుడు వదిన తమ్ముడి వైపు తిరిగింది.

"ఒరేయ్, నోరు చేదుగా ఉందా?"

అతను తల ఊపాడు.

వదిన కుర్చీలో కూలబడి, ముందు నవ్వింది, తర్వాత వాళ్ళ మొహాలు చూసి నవ్వు ఆపుకుంది. పంపు షెడ్డుకు రెండు పక్కలా ఉన్నవి రెండు వేర్వేరు పైన్లని చెప్పింది. వాటి అసలు పేర్లు నోరు తిరగనివి కాబట్టి గార్డెన్‌లో వాటిని నూగు కొమ్మ, నున్న కొమ్మ అంటారట. వీళ్ళింట్లో చిన్నప్పటి నుంచీ తిన్నవి ఎడమనున్న నూగు కొమ్మ గింజలు. కుడిపక్క నున్న కొమ్మవి తింటే అందరికీ కాదు గానీ కొంతమందికి, తిన్న ఒకటి రెండు రోజులకు నోరంతా చేదెక్కుతుంది. ఏది తిన్నా చేదే. మానేస్తే కొన్ని రోజులకో, కొన్ని వారాలకో దానంతట అదే పోతుంది. కాయల కాలంలో ఇలా నోరు పట్టుకుని గార్డెన్‌కు వచ్చేవాళ్ళను ఆవిడ ఇదివరకు చూసింది. నా మాట మీద ఉండిపోకండి, డాక్టర్‌కూ ఈ సంగతి చెప్పండి అని కూడా అంది.

ఆమెకు అందులో సగమే వినిపించింది. కట్టుకున్నవాడికి చేజేతులా విషం వలిచి పెట్టానన్నదే చెవిలో గింగురుమంటోంది. నిన్న రాత్రి కూడా ఓదార్పుగా ఒక కప్పు పెట్టింది.

అతను మాత్రం చిన్నపిల్లాడిలా అక్క చెయ్యి పట్టుకున్నాడు. "అయితే ఇది పోతుందా అక్కా?"

"పోతుందిరా. నీ నాలుక ఎక్కడికీ వెళ్ళలేదు. మీ ఆవిడ ప్రేమ నుంచి కాస్త విశ్రాంతి ఇస్తే చాలు."

అతను రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని ఆమె దగ్గరికి వెళితే నవ్వుతున్నాడు. దగ్గరగా చూస్తే రెండూ ఉన్నాయి.

చెప్పి వదిలేసే మనిషి కాదు వదిన. ఇద్దరినీ బయల్దేరదీసి గార్డెన్‌కు తీసుకెళ్ళింది. ఆదివారం కావడంతో ముందువైపు జనం ఉన్నారు గానీ పంపు షెడ్డు దగ్గర ఎవరూ లేరు. సూదులు లెక్కపెట్టడం తప్పు కాదనీ, అయితే అది వీధి పేరు కనుక్కోవడం లాంటిదేననీ, ఇంటి నంబరు ఇంకా మిగిలే ఉంటుందనీ మరదలికి చెప్పింది. ఎడమ చెట్టు చివరి కొమ్మను వంచి పట్టుకుంది. ఆ ఏడాది పెరిగిన లేత కొమ్మ మీద తుప్పు రంగు నూగు దట్టంగా ఉంది. ఆమె వేలితో రాస్తే పిల్లిపిల్ల చెవిని నిమిరినట్టుంది. తర్వాత కుడి చెట్టు కొమ్మ. పచ్చగా, నున్నగా, వేలు జారిపోయింది. సూదులు చూడమంది. కుడి చెట్టువి వాలిపోయి ఉన్నాయి, కొన్ని మొదట్లోనే మడత పడ్డాయి, ఎవరో వాటిమీద కూర్చుని లేచినట్టు. ఎడమ చెట్టువి అలా లేవు. ఇక కాయలు. నూగు కొమ్మ కాయ పండినా విచ్చుకోదు, పొలుసుల కొనలు మాత్రం వెనక్కి తిరుగుతాయి, లోపలి గింజల్ని ఏ పక్షో జంతువో పగలగొట్టి తీసుకోవాల్సిందే. నున్న కొమ్మ కాయ తనంతట తను విచ్చుకుని గింజలు రాల్చేస్తుంది.

"నువ్వు సులువైన చెట్టు దగ్గర కూర్చున్నావు. నేనైనా అక్కడే కూర్చుందును. ఏ పక్కో చెప్పకుండా బస్సెక్కింది నేను, పలకలు విప్పించింది నేను. తప్పులో పెద్ద వాటా నాదే, నువ్వు ఏడవకు" అంది వదిన.

ఆ మాటకు అప్పటిదాకా రాని ఏడుపు వచ్చేసింది. వదిన ఆమె కళ్ళు చేత్తో మూసి, రెండు కొమ్మల్ని మార్చి మార్చి వేళ్ళకు అందించింది. నూగు. నున్న. నున్న. నూగు. కళ్ళు మూసుకున్న ఆమెకు ఎదురుగా అతని నవ్వు వినిపిస్తోంది. ఒక్కసారీ తప్పు చెప్పలేదు. కన్నీళ్ళు వదిన అరచేతికి అంటుకున్నాయి గానీ ఆవిడ ఆ సంగతి ఎత్తలేదు.

దారిలో అతను ఇంకో మాట అన్నాడు. కొద్ది రోజుల్లో పోయేదే కాబట్టి శుక్రవారం ఎలాగో వాసనతో గట్టెక్కేయొచ్చు, పెద్దాయనకు చెప్పడం ఎందుకు అని. ఆమె ఒప్పుకోలేదు. ఆయన పట్టుబట్టి ఇప్పించిన అవకాశం కదా, ఆయన్నే మోసం చేసి గెలిస్తే ఆ కుర్చీలో ఎలా కూర్చుంటావని అడిగింది.  ఒక్కడివే వెళ్ళొద్దు, గింజలు వలిచింది నేను, నేనూ వస్తానంది.

సోమవారం ఇద్దరూ వెళ్ళారు. ఆ రుచి గదిని ఆమె మొదటిసారి చూసింది. పొడుగాటి బల్ల మీద తెల్ల కప్పుల వరుస, ప్రతి కప్పు వెనకా చిన్న పొడి డబ్బా, పెద్ద కిటికీలోంచి నీడ పడని వెలుతురు. పెద్దాయన బక్కపలచని మనిషి, మెడలో అద్దాలు వేలాడుతున్నాయి. ఆమె చేతిలో రెండు కొమ్మలు చూసి, పూలు తెస్తారు గానీ ఇదేంటమ్మా అన్నాడు. అతను నోరు తెరిచేలోపే ఆమె కంగారులో మొదలుపెట్టి, కాయలు, కటింగ్ ప్లేయర్, ఉప్పు, వదిన బొటనవేలు, అన్నీ కలగాపులగంగా చెప్పేసింది. మధ్యలో భర్తను నువ్వనీ మీరనీ కలిపేసింది. ఆయన ఆపకుండా విన్నాడు. విని రెండు కొమ్మల్నీ తీసుకుని, కళ్ళు మూసుకుని ఒక్కొక్కదాన్ని వేళ్ళతో తడిమి, నూగున్నదాన్ని వేరుగా పెట్టాడు. తర్వాత అతని వైపు తిరిగాడు.

"పోయిన వారం నుంచి నువ్వు చూసిన కప్పులన్నీ నేను మళ్ళీ చూస్తున్నాను అబ్బాయ్. నువ్వెళ్ళిపోయాక."

అతని మొహం పాలిపోయింది.

ఏదో అయిందని ఆయనకు తెలుస్తూనే ఉందట. మంచి టీకి మొహం చిట్లించడం, చెత్త టీకీ అదే చిట్లింపు. తప్పు పోయినవాటిని ఆయనే సరిచేసి పంపించాడు. ఎవరికీ చెప్పలేదు. నువ్వే వచ్చి చెబుతావని చూశానన్నాడు. ఇంకో రెండు రోజులు చూసి పిలుద్దామనుకున్నానన్నాడు. కొనేవాళ్ళకు ఫోన్ చేసి, నమూనాలు ఇంకా రాలేదని, కాస్త ఆగమని తను చెబుతానన్నాడు. మరి మీ విరమణ అని అతను నసిగాడు.

"నేను పొద్దంతా ఇంట్లో కూర్చుంటానంటే మా ఆవిడే భయపడుతోంది. నీ వల్ల ఆవిడకు ఇంకో నెల ప్రశాంతత దొరికిందనుకుంటాను" అన్నాడు పెద్దాయన.

మెట్లు దిగుతూ ఆమె అతని చిటికెనవేలు పట్టుకుంది. ఆఫీసులో ఎవరైనా చూస్తారని అతను విడిపించుకోలేదు.

తర్వాతి రోజులు ఎదురుచూపులతో గడిచాయి గానీ బరువుగా గడవలేదు. దాచేదేమీ లేకపోవడం ఇంత తేలిగ్గా ఉంటుందని ఇద్దరికీ తెలియదు. రుచి తెలియనివాడికి ఏం వండాలని ఆలోచించి, ఆమె కరకరలాడేవీ, జారిపోయేవీ, వేడివీ, చల్లవీ చేసి పెట్టింది. అతను కళ్ళు మూసుకుని పంటి చప్పుడును బట్టి కూర పేరు చెప్పేవాడు. పొద్దున లేవగానే గ్లాసుడు నీళ్ళు తాగి వాతావరణం చెప్పినట్టు చెప్పేవాడు. ఇవాళ నిండా ఇనుమే. ఇవాళ అంచుల్లో ఇనుము, నడుమ నీళ్ళు. ఇవాళ పర్వాలేదు. వదిన అప్పుడప్పుడూ వచ్చి, నూగు కొమ్మ కాయల్ని సుత్తితో పగలగొట్టి, వీటికి తాళం వేసే ఉంచుతాను, ముందు వాడి నోరు బాగుపడనీ అని డబ్బాలో పోసి పైఅరలో పెట్టింది.

ఒక ఉదయం ఆమె ఎప్పటిలాగే టీ ఇచ్చింది. అతను గుటక వేసి ఆగిపోయాడు.  మళ్ళీ కప్పెత్తి, ఇంట్లో ఎప్పుడూ చేయని విధంగా, ఆ రుచి గది బల్ల దగ్గర పీల్చినట్టు జుర్రుమని గట్టిగా పీల్చాడు. నోరంతా తిప్పాడు. వెళ్ళి సింకులో ఉమ్మేశాడు.

"చేదా?" అంది ఆమె.

"కాదు. ఈ పాలు విరగబోతున్నాయి."

ఆమె తన కప్పు చప్పరించింది. మామూలుగానే ఉంది. పాల గిన్నె వాసన చూసింది. ఏ తేడా లేదు. చెంచాతో పాలు నాలుక మీద వేసుకుంది. తియ్యగా, కమ్మగా పాలలాగే ఉన్నాయి. అతను ఊహిస్తున్నాడేమోనని భయం వేసింది. ఆ మాట ఎవరూ అనకపోయినా అతనికీ అదే భయం. మిగిలిన పాలను మళ్ళీ పొయ్యి మీద పెట్టి మంట తగ్గించి, ఇద్దరూ భుజాలు తగిలేలా నిలబడి గిన్నెలోకి చూస్తూ ఉండిపోయారు. కాసేపు ఏమీ కాలేదు. పాలు అమాయకంగా మెరుస్తున్నాయి. అంచుల దగ్గర సన్నటి వణుకు పుట్టింది. నడుమ ఒక గీత పడింది. చూస్తుండగానే తెల్లటి ముక్కలు ఒకవైపు, పల్చటి నీళ్ళు ఒకవైపు విడిపోయాయి.

పాలు విరిగినందుకు భర్త మెడ చుట్టూ చేతులు వేసి గంతులేసిన ఇల్లాలు ఆ వీధిలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. కింద వాటావాళ్ళు ఏమైందోనని మెట్ల దగ్గరికొచ్చి అడిగారు. పాలు విరిగాయండీ అని ఆమె నవ్వుతూ చెబితే, వాళ్ళు పాపం ఒక గ్లాసు పాలు తెచ్చిచ్చి వెళ్ళారు.

అతను చొక్కా గుండీలు ఒక మెట్టు తప్పు పెట్టుకుని ఆఫీసుకు పరుగెత్తాడు. ఆమె వదినకు ఫోన్ చేసి, పాలు విరిగిపోయాయి వదినా అంది.  వాడే చెప్పాడా అని వదిన అడిగింది. విరగక ముందే చెప్పాడని ఆమె అంది.  అవతల ముక్కు చీదుకున్న చప్పుడు వినిపించింది. తర్వాత గొంతు సవరించుకుని, పైఅరలో డబ్బా ఇక దించుకోండి, ఈసారి నువ్వు కూడా తిను ఉడతా, లేకపోతే ఊరుకోను అని ఫోన్ పెట్టేసింది.

మధ్యాహ్నం అతను ఫోన్ చేశాడు. పెద్దాయన కప్పులు తారుమారు చేసి పెట్టారట, ఒక్కటి తప్ప అన్నీ చెప్పాడట. ఆ ఒక్కదాని మీద మాత్రం ఆయనా తనూ ఇప్పటికీ వాదించుకుంటున్నారట. శుక్రవారం రమ్మని కొనేవాళ్ళకు ఆయన తన ఎదురుగానే కబురు పెట్టారట. ఆమె కిటికీ దగ్గర నిలబడి వింటోంది. కుళాయికి కట్టిన గుడ్డలోంచి విరిగిన పాల నీళ్ళు బొట్టు బొట్టుగా జారుతున్నాయి. గోడ అవతల పైన్ చెట్ల తలలు గాలికి ఊగుతున్నాయి. అక్కడి నుంచి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి.

"ఏంటి, మాట్లాడవు?" అన్నాడు అతను.

"థాంక్స్ చెప్పుకుంటున్నాను."

"ఎవరికి?"

వదినకా, పెద్దాయనకా, ఇన్నాళ్ళు చేదు మింగిన ఈ మనిషికా, ఎక్కడ మొదలుపెట్టాలో ఆమెకు తెలియలేదు.

"అందరికీ. ముందు నిన్నటి పాలు పోసి వెళ్ళిన పాలవాడికి" అంది.